ఒకే తూనికరాయితో వాదించిన పంతులుగారు: గిడుగు రామమూర్తి

ఏటా ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జన్మదినం. ఆనాడు సభ చేసి, ఆయన చిత్రపటానికి పూలమాల వేసి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడని కీర్తించి ఇళ్లకు మరలుతాం. ఆయన ఏమి సాధించారో మనలో చాలామందికి తెలుసు. ఆయన ఏ విధంగా వాదించారో తెలిసినవారు తక్కువ. సరిహద్దు ఊళ్లలో బ్రతికే మనకు ఆ రెండవ సంగతే ఎక్కువ అవసరం. పిల్లలను ఏ మాధ్యమంలో చేర్చాలి, ఎవరి తెలుగు సరియైనది, ఈ ఊరు ఎవరిది అనే తర్కాలు మన రచ్చబండల మీద నిత్యం సాగుతూనే ఉంటాయి. వాటిలో చాలా భాగం గొంతు పెద్దదైనవారి పక్షానే ముగుస్తాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్న చందంగా కాక, కుందేలును పట్టి తెచ్చి కాళ్లు లెక్కపెట్టి చూపిన మనిషి గిడుగువారు. అందుచేత ఆయన జీవితాన్ని తర్కశాస్త్రానికి ఒక బాలశిక్షగా చదువుకోవచ్చును.

సరిహద్దు నేల మీద బాల్యం

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో జ్వరంతో ఆయన కన్నుమూశారు. అప్పటికి రామమూర్తిగారి వయస్సు పన్నెండేళ్లు. బంధువుల అండతో విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువు సాగింది. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆ బాల్య స్నేహం తరువాతి కాలంలో తెలుగు వచనం దిశనే మార్చింది.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయునిగా చేరారు. అప్పుడు పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. నేడు ఒడిశా రాష్ట్రంలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. రాజావారి పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు ఆయన కూడా పై తరగతులకు బోధించే స్థాయికి ఎదిగి, 1911లో ఉద్యోగ విరమణ చేశారు.

చరిత్ర బోధించే రోజులలో ఆయన పుస్తకంలోని పాఠం ఒప్పజెప్పి ఊరుకోలేదు. ముఖలింగ దేవాలయాల గోడల మీద ఉన్న శాసనాలను చదవడం తమంత తాముగా నేర్చుకున్నారు. వాటి ఆధారంగా ఆంగ్లంలో పరిశోధన వ్యాసాలు వెలువరించారు. ఈ అలవాటు ఆయన తర్కానికి పునాది వేసింది. రాజు ఎవరు, ఏ సంవత్సరంలో ఏమి దానం చేశాడు అన్న ప్రశ్నకు పెద్దలు చెప్పిన కథ ఒక రకమైన జవాబు. రాతి మీద చెక్కిన అక్షరం మరొక రకమైన జవాబు. రెండూ విభేదించినప్పుడు దేనిని నమ్మాలో ఆ గుడి గోడల దగ్గరే ఆయనకు బోధపడింది. అంతేకాదు, వేర్వేరు కాలాల శాసనాలు చదివేవారికి భాష నిలకడగా ఉండదని, తరతరానికి మారుతుందని కంటికి కనిపిస్తుంది. తరువాతి వాదాలన్నిటికీ ఈ రెండు పాఠాలే మూలధనం.

సవరల భాష, సవరల బడి

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని, ఒడియాతో గాని దానికి చుట్టరికం లేదు. సంతకు దిగివచ్చిన సవరలను వర్తకులు, అధికారులు మోసం చేయడానికి భాష తెలియకపోవడం ఒక కారణమని, వారి పిల్లలకు చదువు చెప్పాలంటే వారి భాషలోనే చెప్పాలని రామమూర్తిగారు భావించారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు వ్రాశారు. తమ సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. కొండ ప్రాంతాల తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వలన వినికిడి దెబ్బతిన్నది. భాషల ధ్వనులను చెవితో విని పట్టుకోవలసిన పండితునికి అంతకంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు. ఇంచుమించు 35 సంవత్సరాల కృషి ఫలితంగా సవర భాషా వ్యాకరణం ఆంగ్లంలో 1931లో అచ్చయింది. తరువాత నిఘంటువూ వెలువడింది. ప్రభుత్వం 1913లో రావుబహద్దూర్ బిరుదును, తరువాత కైసర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది.

ఈ ఘట్టాన్ని ముందుగా చెప్పడానికి కారణం ఉంది. తెలుగు పిల్లవానికి తన ఇంటి భాషలో చదువు చెప్పాలని ఆయన వాదించడానికి ముందే, తెలుగేతరుడైన సవర పిల్లవానికి అదే హక్కు ఉన్నదని అంగీకరించి, చేతి డబ్బు పెట్టి నిరూపించారు. ఒక నియమం మనకు లాభించే చోట మాత్రమే వర్తిస్తుందంటే అది నియమం కాదు, స్వార్థం. అంగట్లో కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు మరొక రాయి వాడే వర్తకుడిని ఏమంటామో, వాదంలో అలా చేసేవారినీ అదే అనాలి.

వాదమంటే ఏమిటి?

అసలు ఉద్యమంలోకి వెళ్లేముందు మన పెద్దలు తర్కం గురించి చెప్పినది కొంత గుర్తుచేసుకుందాం. న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యం తెలుసుకోవడానికి ఇరుపక్షాలవారూ చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తన పక్షమేదో చెప్పకుండా ఎదుటివాని మాటను పడగొట్టడానికే చేసేది వితండ. మన ఊళ్లలో జరిగేవాటిలో మొదటిది ఎంత ఉన్నదో పాఠకులే లెక్కవేసుకోవచ్చును.

వాదానికి ఐదు అంగాలు ఉన్నాయి. కొండ మీద నిప్పు ఉన్నదనడం ప్రతిజ్ఞ. అక్కడ పొగ కనిపిస్తున్నది కనుక అనడం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటిలో చూస్తున్నాం కదా అనడం ఉదాహరణం. ఈ కొండ మీద కూడా అటువంటి పొగే ఉన్నదనడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉన్నదని తేల్చడం నిగమనం. చూడడానికి హేతువులాగే ఉండి, పరిశీలిస్తే నిలవనిదానికి హేత్వాభాసమని పేరు. తర్కసంగ్రహం వంటి ప్రాథమిక గ్రంథాలు చదివిన పాతకాలపు విద్యార్థులకు ఇవన్నీ కొట్టినపిండి. గిడుగువారు ఈ పేర్లన్నీ పెట్టి వాదించారని చెప్పడం లేదు. ఆయన చేసిన పనిని మనం తూచి చూసుకోవడానికి ఈ కొలతలు పనికివస్తాయి.

ఒక ఇన్‌స్పెక్టరు ప్రశ్న

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, తరగతి గదిలో పిల్లలచేత చదివించే తెలుగు మరొకటిగా ఉండడం ఆయనకు వింతగా తోచింది. ఇంట్లో పిల్లవాడు వస్తున్నాను అంటాడు. బడిలో వచ్చుచున్నాను అని వ్రాయకపోతే తప్పు. ఎందువల్ల ఈ తేడా అని విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, గురజాడ, గిడుగు ఇద్దరూ దీనికి సమాధానం చెప్పగలరని ఆయన సూచించారు. ఆ ప్రశ్నే ఉద్యమానికి బీజమయింది. అప్పటికి రామమూర్తిగారు నలభయ్యవ పడి దాటినవారు, పాతికేళ్లకు పైబడి బడిలో పాఠాలు చెప్పినవారు. పిల్లల కష్టం ఆయనకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు.

ఆయన వాదాన్ని పై ఐదు అంగాలలో అమర్చి చూద్దాం. బడిలో వచనం వ్రాయడానికి శిష్టులు మాట్లాడుకునే వాడుక భాష తగినదనేది ప్రతిజ్ఞ. చదివేవారికి అర్థమై, వ్రాసేవారికి తప్పులు లేకుండా పట్టుబడే భాషే బోధనకు తగినది కనుక అనేది హేతువు. ఉదాహరణంగా ఆయన చూపినవి గాలిమాటలు కావు. పూర్వపు శాసనాలు, స్థానిక చరిత్రలను తెలిపే కైఫీయతులు, పాత లేఖలు, వచన గ్రంథాలు వెదికి, మన పూర్వులు వచనంలో వాడుక రూపాలను నిస్సంకోచంగా వాడారని ఎత్తిచూపారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చేసిన యాత్రను గురించి వ్రాసిన కాశీయాత్ర చరిత్ర అటువంటి గ్రంథాలలో ఒకటి. ఇలాంటి పాత వచనాన్ని ఆయన గద్యచింతామణి అనే గ్రంథంలో కూర్చారు. ఆ పూర్వ వచనంలాగే నేటి శిష్టుల వాడుక కూడా అందరికీ అర్థమై, పట్టుబడే భాషే అనేది ఉపనయం. అందుచేత పిల్లల చదువుకు అదే తగినదని నిగమనం. ఇందులో ఏ మెట్టును ఖండించాలన్నా ప్రతిపక్షం వారు మరొక ఆధారం తేవలసిందే.

ఎదురైన హేతువులు, ఆభాసాలు

ఎదుటిపక్షం సామాన్యమైనది కాదు. దానికి నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. ఆయన గొప్ప పండితులు, శాసనాలు పరిష్కరించినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణానికి సారథ్యం వహించినవారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షానికి కోటగా నిలిచింది. ఆ పెద్దలు భాషను ప్రేమించినవారే. అందుచేత వారిని నిందించడం మన పని కాదు. వారి పక్షాన వినిపించిన హేతువులను మాత్రం ఒక్కొక్కటిగా పరిశీలించవచ్చును.

మొదటిది, ఇది పెద్దలు ఆచరించినది, కనుక మంచిదనే హేతువు. పాతవాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. పాతదనం రెండుచోట్లా కనిపిస్తుంది కనుక అది మంచితనాన్ని నిరూపించలేదు. ఇలా అటూ ఇటూ తిరిగే హేతువును శాస్త్రం సవ్యభిచారమని పిలిచింది. కొత్తది కనుక మంచిదనేవారి వాదానికి కూడా ఇదే దోషం పడుతుందని మరువరాదు.

రెండవది, పూర్వులందరూ వచనాన్ని కావ్యభాషలోనే వ్రాశారనే హేతువు. ఇక్కడ హేతువే సిద్ధించదు. కైఫీయతులు, లేఖలు, యాత్రాచరిత్రలు అందుకు విరుద్ధంగా సాక్ష్యం చెబుతున్నాయి. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడిన తరువాత ఆ తరహా వచనం బడులలో ప్రబలిందే గాని, అనాదిగా ఉన్నది కాదు. హేతువే నిజం కానప్పుడు దానిని అసిద్ధమంటారు. సంభాషణల్లో మనం అన్నిటికంటె తరచుగా మోసపోయేది దీనివల్లనే. అందరికీ తెలిసినదే కదా అనే మాట వినగానే ఆధారం అడగడం మరచిపోతాం.

మూడవది పేరుతో వచ్చిన చిక్కు. వాడుక భాష కావాలన్నవారికి ప్రతిపక్షం గ్రామ్యవాదులని పేరు పెట్టింది. గ్రామ్యమనే మాటకు వ్యాకరణంలో ఒక అర్థం ఉన్నది, లక్షణానికి లోబడని రూపమని. లోకంలో మరొక అర్థం ఉన్నది, మోటు మాట, నాగరికం కానిదని. మొదటి అర్థంలో మాట ప్రయోగించి రెండవ అర్థంలో విన్నవారి మనసు విరిచేయడం సులభం. ఇటువంటిదానిని న్యాయశాస్త్రం ఛలమని పిలిచింది. నవకంబళం అని ఒకడు కొత్త కంబళిని ఉద్దేశించి అంటే, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయని మరొకడు నిలదీయడం దానికి శాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణం. గిడుగువారు కోరినది చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే శిష్టవ్యావహారికం. ఆయన కోరనిదానిని ఆయనకు అంటగట్టి, ఆ అంటగట్టినదానిని ఖండించి గెలిచామనుకోవడం నీడతో కుస్తీ పట్టడమే.

నాలుగవ ఆక్షేపణ మాత్రం బరువైనది. వాడుక భాష జిల్లా జిల్లాకూ మారుతుంది, ఏ జిల్లా మాటను ప్రమాణంగా తీసుకోవాలి అని వారు అడిగారు. దీనిని కొట్టిపారేయడానికి వీలులేదు. చదువుకున్నవారి పరస్పర వ్యవహారంలో ఒక ఉమ్మడి రూపం ఏర్పడుతుందని, ఏ ప్రాంతంవారు వ్రాసినా తక్కినవారికి అర్థమవుతుందని వ్యావహారికవాదుల సమాధానం. ఆ సమాధానం చాలావరకు నిజమయింది. అయితే అచ్చులో స్థిరపడిన ప్రమాణభాష కోస్తా జిల్లాల పలుకుబడికి దగ్గరగా ఉన్నదని రాయలసీమ, తెలంగాణ రచయితలు తరువాతి కాలంలో ఎత్తిచూపారు. ఆ ఆక్షేపణ సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు మరీ బాగా తెలుసు. హోసూరులో, బళ్లారిలో, రాయగడలో, యానాంలో మాట్లాడే తెలుగును సభలలో వెక్కిరించినవారు లేకపోలేదు. మా యాస అచ్చులో ఉన్నది కనుక అదే శుద్ధమని ఎవరైనా అంటే, ఆనాడు గ్రాంథికవాదులు చెప్పినమాటే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిందని గుర్తించాలి.

తప్పులెన్నడం తప్పా?

గిడుగువారి వాద విధానంలో అందరినీ తికమకపెట్టే భాగం ఒకటి ఉన్నది. గ్రాంథికమే వ్రాయాలని పట్టుబట్టిన పండితుల సొంత గ్రంథాలు తీసి, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులు ఉన్నాయో ఆయన పట్టికలు వేసి చూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే గ్రంథం ఆ కోవలోనిదే. ఇది వ్యక్తిదూషణ కాదా, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా అనడం వంటిది కాదా అని అడగవచ్చును.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఎదుటివానిలో దోషం చూపి, అందుచేత అతని మాట అబద్ధమని తేల్చితే అది హేత్వాభాసమే. పొగ త్రాగే వైద్యుడు పొగాకు హానికరమని చెబితే, అతడు త్రాగుతున్నాడు గనుక పొగాకు మంచిదని అనలేం. కాని గిడుగువారు తేల్చినది అది కాదు. జీవితమంతా వ్యాకరణానికే ధారపోసిన పండితులు కూడా తప్పు లేకుండా వ్రాయలేని భాషను, పొలంపనికి పోయివచ్చి దీపం దగ్గర కూర్చునే పిల్లవానిచేత పరీక్షలో వ్రాయించడం న్యాయమా అని ఆయన అడిగారు. ఇక్కడ పండితుల తప్పు వారి గుణానికి సాక్ష్యం కాదు, ఆ భాష కష్టానికి సాక్ష్యం. ఒకే వాస్తవం ఒక నిర్ణయానికి అక్రమంగానూ, మరొక నిర్ణయానికి సక్రమంగానూ హేతువు కావచ్చునని దీనివల్ల తెలుస్తుంది. హేతువుకూ నిగమనానికీ మధ్య ముడి గట్టిదా కాదా అన్నదే ప్రశ్న. 1925లో తణుకులో జరిగిన సాహిత్య సభలో ఆయన గంటల తరబడి గ్రంథాల నుండి ఉదాహరణలు చూపుతూ మాట్లాడడం ప్రసిద్ధం. ఆ గంటలన్నీ పుటలు తిప్పి చూపడానికి వెచ్చించినవి.

ఓటమి, మనసు మార్పు

1912-13లో స్కూలు ఫైనల్ పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని వెసులుబాటు లభించింది. దానిమీద పెద్ద అలజడి రేగింది. సభలు జరిగాయి, విజ్ఞాపనలు వెళ్లాయి. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో గ్రాంథికానిదే పైచేయి అయింది. గురజాడవారు 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఆ పక్షాన మిగిలిన గొప్ప వాదగ్రంథం. 1914-15 నాటికి వెసులుబాటు పోయింది. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. రామమూర్తిగారికి చిన్ననాటి స్నేహితుడు, వాదంలో కుడిభుజం ఒకేసారి దూరమయ్యారు.

ఎక్కువమంది చేతులెత్తినంత మాత్రాన ప్రశ్న తీరదు. చేతుల లెక్క ఏ ఉత్తర్వు అమలు కావాలో తేలుస్తుంది గాని, ఏది నిజమో తేల్చదు. మనం మరొక మాట కూడా ఒప్పుకోవాలి. వ్యావహారికం చివరకు గెలిచింది గనుక వ్యావహారికవాదమే సరియైనదని అనడం కూడా అదే పొరపాటు. గెలుపు నిజానికి రుజువు కాదు. ఆయన చూపిన ఆధారాలే రుజువు. అవి ఓడిన రోజున ఎంత బలమైనవో గెలిచిన రోజునా అంతే బలమైనవి.

పంతులుగారు చతికిలబడలేదు. 1919లో తెలుగు అనే పేరుతో మాసపత్రిక నడిపారు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి కార్యదర్శి గిడుగువారు. అధ్యక్షులు ఎవరో కాదు, గ్రాంథికంలో గ్రంథాలు వ్రాసి తెలుగు వచనానికి ఒరవడి పెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారే. డెబ్బది ఏళ్ల వయస్సులో, అంతటి కీర్తి సంపాదించిన తరువాత, ఆధారాలు చూసి పక్షం మార్చుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆ తరువాత కొద్ది నెలలకే, 1919 మే 27న వీరేశలింగంగారు స్వర్గస్తులయ్యారు. మాట మార్చినవారిని గోడమీద పిల్లి అని వెక్కిరించడం మనకు అలవాటు. గాలి ఎటు వీస్తే అటు తిరగడం వేరు, ఆధారం ఎటు చూపితే అటు నడవడం వేరు.

మహేంద్రతనయ దాటిన ఉదయం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయింది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఆ రాష్ట్ర నిర్మాణానికి పాటుపడిన ముఖ్యులలో ఒకరు. తమ పట్టణం ఒరిస్సాలో చేరాలని ఆయన కోరారు. రామమూర్తిగారు దానిని వ్యతిరేకించారు. ఆ సంస్థానపు పాఠశాలలో, కళాశాలలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసినవారు రాజావారి ఇష్టానికి ఎదురు నిలవడం ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం కాదా అనే ప్రశ్న ఎవరికైనా వస్తుంది. కృతజ్ఞత గొప్ప గుణమే. కాని ఒక ఊరిలో ఏ భాష మాట్లాడేవారు ఎందరున్నారనే ప్రశ్నకు అది జవాబు కాదు. గౌరవం మనిషికి ఇవ్వాలి, నిర్ణయం ఆధారానికి ఇవ్వాలి. ఈ రెండింటినీ విడదీయడం తెలియనిచోట పెద్దరికమే ప్రమాణమవుతుంది.

చివరకు పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. కొత్త రాష్ట్ర ప్రారంభోత్సవం జరుగుతున్న రోజునే, తెల్లవారుజామున, డెబ్బది రెండేళ్ల వృద్ధుడు తాము 56 సంవత్సరాలు బ్రతికిన ఊరు విడిచి మహేంద్రతనయ నది దాటి వచ్చేశారు. శేషజీవితం రాజమహేంద్రవరంలో కుమారుని ఇంట గడిచింది. 1940 జనవరి 22న పరమపదించారు. అంతకు వారం ముందు కూడా మద్రాసులో పత్రికలవారి ముందు వాడుక భాష గురించే మాట్లాడారు. విశ్వవిద్యాలయాలు పై చదువులలో వాడుక భాషను అంగీకరించడానికి ఆయన మరణం తరువాత ఇంచుమించు మూడు దశాబ్దాలు పట్టింది.

ఈ ఘట్టం దగ్గర మనం ఆయన తూనికరాయినే చేతబట్టుకోవాలి. తమ భాషవారంతా ఒక పాలన కింద ఉండాలని ఒడియావారు కోరుకోవడం కూడా మాతృభాషాభిమానమే. మనకు న్యాయమైనది వారికి అన్యాయం కాజాలదు. గీత ఎక్కడ గీసినా అవతలివైపు కొందరు మిగిలిపోతారు. ఇటు తెలుగువారు, అటు ఒడియావారు, రెండు గీతల నడుమ కొండలలో సవరలు. అందుచేత సరిహద్దు గ్రామాలలో అసలైన ప్రశ్న గీత గురించి కాదు. మిగిలిపోయినవారి పిల్లలకు బడి ఏ భాషలో దొరుకుతుంది అనేదే. ఆ ప్రశ్నకు గిడుగువారు సవర బడులు పెట్టి ముందే జవాబు చెప్పి ఉన్నారు.

మన ఇళ్లకు, మన బడులకు

కర్ణాటకలో, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రలో మన పిల్లలకు తెలుగు నేర్పించమని అర్జీలు పెడుతూ ఉంటాం. అది న్యాయమైన కోరిక. అర్జీ వ్రాసే ముందు కొన్ని సంగతులు చూసుకుంటే ఆ కోరికకు బలం వస్తుంది. మనం చెప్పే హేతువు నిజమేనా, ఎంతమంది పిల్లలున్నారో పేర్లతో సహా లెక్క చూపగలమా? ఆ హేతువుకూ మన కోరికకూ ముడి గట్టిదేనా? ఎదుటి అధికారి లేదా పొరుగు భాషవాడు అన్నమాటనే ఖండిస్తున్నామా, అననిమాటను అతని నోట పెట్టి ఖండిస్తున్నామా? అతడు ఎవరన్నది వదలి, ఏమన్నాడన్నది చూస్తున్నామా? అన్నిటికంటె ముఖ్యంగా, మన మధ్య ఉన్న లంబాడీ బిడ్డకో, సవర బిడ్డకో, పక్కవీధి కన్నడ లేక ఒడియా బిడ్డకో అదే హక్కు ఇవ్వడానికి మనం సిద్ధమేనా?

ఉపాధ్యాయులు పై ప్రశ్నలను ఎనిమిదవ తరగతి పిల్లలచేత కూడా అభ్యాసం చేయించవచ్చును. ఊరిలో జరుగుతున్న ఏదో ఒక వివాదం తీసుకుని, ఇరుపక్షాల హేతువులనూ నల్లబల్ల మీద రెండు వరుసలుగా వ్రాయించి, ఏది ఆధారం ఉన్నది, ఏది వట్టి అరుపు అని వారిచేతనే గుర్తు పెట్టించాలి. తరువాత పక్షాలు మార్చి వాదించమనాలి. తనకు ఇష్టం లేని పక్షాన్ని కూడా నిజాయితీగా చెప్పగలిగిన బిడ్డ పెద్దయిన తరువాత సులభంగా మోసపోడు, మోసగించడు.

గిడుగువారు మనకు వాడుక భాషను ఇచ్చారని చెప్పుకుంటాం. ఆ భాషలో ఏమి మాట్లాడుతున్నామన్నది మన బాధ్యత. ఈ ఆగస్టు 29న ఆయన పటం ముందు దీపం పెట్టేవారు, ఊరిలో నానుతున్న ఒక్క వాదాన్నైనా ఆయన రాయితో తూచి చూస్తే, పంతులుగారికి అంతకు మించిన నివాళి ఉండదు.